ల్యాగూ లగ్గమూ

పొద్దున్నే బర్రెకు గడ్డి వేసి, గాలి మీద ఇన్ని నీళ్లు చల్లి, ఆ తర్వాతే చాయ్ తాగడం నర్సన్న అలవాటు. ఎండాకాలంలో ఒక్క పూట నీళ్లు చల్లడం మరిచినా అది అలిగి వడగాలై కూచుంటుంది. ఇక పొద్దుగూకేదాకా ఇంట్లో ఎవరికీ ఊపిరాడదు.

ఆ గాలి నర్సన్న తాత నాటిది. గోదావరి ఒడ్డున దొరికిందని కొందరంటారు, ఎవరో బాకీ కింద ఇచ్చిపోయారని కొందరంటారు. అన్నదమ్ముల పంపకాల్లో పెద్దవాడికి బావి పోయింది, నర్సన్న తండ్రికి గాలి వచ్చింది. బావి ఎప్పుడో ఎండిపోయింది కాబట్టి నర్సన్న తండ్రి తెలివైనవాడని ఊరు ఇప్పుడు అంటుంది. అప్పట్లో మాత్రం పిచ్చోడనే అంది.

కల్లాల కాలం వస్తే ధర్మాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైతులు ఆ గాలి కోసం వచ్చి నర్సన్న అరుగు మీద వంతులు వేసుకుని కూచునేవాళ్లు. నర్సన్న దాన్ని పలుపు పట్టి తోలుకెళ్లి కల్లంలో నిలబెట్టేవాడు. ముక్కాలిపీట ఎక్కి చాటతో జొన్నలు వదిలితే గట్టి గింజ కాళ్ల దగ్గర రాలేది, పొల్లు వెళ్లి పక్కవాడి చేన్లో పడేది. ఆ గాలి ఒక్కనాడూ గట్టి గింజను ఎగరగొట్టలేదు, పొల్లును నిలవనివ్వలేదు. తర్వాత కోత మిషన్లు వచ్చాయి. మిషన్ ఒక పక్క పంటను మింగి ఇంకో పక్క గింజలు కక్కుతుంటే గాలితో ఎవరికి పని? అది కొట్టంలో బర్రె పక్కన పడి ఒళ్లు చేసింది. ఏమీ తోచక గిన్నెలు దొర్లించేది. పక్కింటి లచ్చవ్వ ఎండబెట్టుకున్న పాపడాలు ఎత్తుకొచ్చేది.

"నర్సన్న ఇంట్ల ఇద్దరు ఖాళీగున్నరు," అనేది లచ్చవ్వ. "ఒకటి గాలి. ఇంకోటి పోరడు."

పోరడంటే నర్సన్న కొడుకు నిలేశ్. అతను ఖాళీగా ఏమీ లేడు. పసుపు తవ్వుతాడు, ఉడకబెడతాడు, ఎండబెడతాడు, నాందేడ్ మార్కెట్‌కు తోలుతాడు. కాని ముప్పై దాటినా లగ్గం కాని మగవాడు ఎంత పని చేసినా ఊరి లెక్కలో ఖాళీయే. ఆ దిక్కు ఇప్పుడు పిల్లల్ని రైతులకు ఇవ్వడం లేదు. పిల్ల తండ్రి రైతైనా సరే, అల్లుడికి మాత్రం నౌకరీ ఉండాలి. దానికి తోడు నిలేశ్ మొహమొకటి. దిగాల్సిన స్టేషన్ దాటిపోయాక లేచి కూచున్న ప్రయాణికుడి మొహం. ఏ పిల్లను చూడబోయినా ఆ మొహంతోనే వెళ్లేవాడు, అదే మొహంతో తిరిగొచ్చేవాడు.

అతనికి సంబంధాలు తెచ్చేది మేనమామ ఎంకన్న. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెండ్లి చేయమన్నారు పెద్దలు. ఆ వెయ్యి దగ్గర ఎంకన్న ఎన్నడూ పిసినారితనం చూపలేదు. అయితే ఆయన అక్క ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా కొట్టం వైపు మాత్రం వెళ్లడు. అక్కడ నిలబడితే తన గొంతు పోతుందంటాడు. దుమ్ము పడదంటాడు. నర్సన్నేమో బావమరిదితో ముఖ్యమైన సంగతి ఉన్నప్పుడల్లా "కొట్టంల మాట్లాడ్దాం దా" అంటాడు. అందుకే వాళ్లిద్దరూ ముఖ్యమైన సంగతులు ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఈసారి ఎంకన్న తెచ్చిన సంబంధం నాయ్‌గావ్‌లో బట్టల దుకాణం గోవింద్‌సేట్ బిడ్డ, సాయలి. అన్న కంప్యూటర్ క్లాసు పెడితే ఆ పిల్లే నడుపుతోంది. పిల్లను చూసే తంతును ఆ దిక్కు అందరూ కాంద పోహె అంటారు, ఉల్లిగడ్డ వేసిన అటుకులు పెడతారు కాబట్టి. సంబంధాల కోసం తిరిగీ తిరిగీ నిలేశ్‌కు అటుకుల మీద విరక్తి వచ్చింది.

"మావోడు నాందేడ్ల కంపెనీల చేస్తడు. ఆఫీసు పని. దినాం కంప్యూటర్ ముంగట్నే," అన్నాడు ఎంకన్న ప్లేటు చేతికి రాగానే.

ఎవరి గురించి చెబుతున్నాడా అని నిలేశ్ చుట్టూ చూశాడు.

ఆ తర్వాత ఇద్దరినీ మాట్లాడుకోమని మేడ మీద గదికి పంపారు. సాయలి కూచోమనలేదు, తానూ కూచోలేదు.

"గేమ్ ఆడ్తరా?" అని అడిగింది.

"ఆడ్త," అన్నాడు నిలేశ్. చిన్నప్పుడు కబడ్డీ ఆడాడు.

"ఏది?"

"అన్ని."

ఆమె ఒక ఆట పేరు చెప్పింది. కోటలు, మంచుకొండలు, గుర్రాలు ఉంటాయట. నిలేశ్ తెలుసన్నట్టు తలూపాడు.

"అయితె అండ్లకు రండి. సాయంత్రం క్లాసు అయినంక నేను అండ్లనే ఉంట. ఇక్కడ మాట్లాడుడు నాతోని కాదు." ఆమె తలుపు వైపు చూసింది. తలుపు సందులో మేనత్త చెవి, బంగారు కమ్మతో సహా మెరుస్తోంది. "ఇంకో నిజామాబాద్ సంబంధం అచ్చింది. ఐతారం మా బాపుకు జవాబు చెప్పాలె. అంతల్నే రండి."

"ఫోన్ల మాట్లాడుకుంటె గాదా?"

"ఫోన్ల అందరు మంచిగనే మాట్లాడ్తరు. గుర్రం చేతికిస్తె తెలుస్తది మనిషి. కొందరు దాన్ని నీళ్లు గూడ తాగనియ్యరు."

ఏ గుర్రం, ఎవరి నీళ్లు? నిలేశ్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. మెట్లు దిగుతుంటే మాత్రం ఒకటి తట్టింది. ఇన్నేళ్లలో చూసిన పిల్లల్లో ఏ ఒక్కరూ అతన్ని ఎక్కడికీ రమ్మనలేదు. ఈమె రమ్మంది. ఎక్కడికో తెలియదు కాని, వెళ్లాలి.

మర్నాడే కంప్యూటర్ కొనడానికి నాందేడ్ వెళ్లాడు. ఎంకన్న వద్దన్నా వెంట వచ్చాడు. దుకాణం మంగేశ్‌ది. బేరానికి వచ్చినవాణ్ణి చూడగానే ఏం కొంటాడో చెప్పగలనని మంగేశ్ నమ్మకం. అది నిజమైన రోజు ఇంకా రాలేదు.

"గేమింగ్‌కా, ఆఫీసుకా?" అన్నాడు మంగేశ్.

నిలేశ్ నోరు తెరిచేలోపు ఎంకన్న అందుకున్నాడు. "ఆఫీసుకే. మావోడు ఆఫీసోడు."

"మామా, ఇక్కడ పిల్ల లేదు. పిల్ల బాపు గూడ లేడు," అన్నాడు నిలేశ్ చెవిలో.

"నోటికి అలవాటు తప్పొద్దురా. ఇయ్యాల దుకాన్ల నిజం చెప్తవు, రేపు పెండ్లి పందిట్ల గూడ అదే నోటికస్తది."

అలా ఆఫీసు కంప్యూటర్ ఖాయమైంది. ఎంకన్న చాయ్‌కి వెళ్లిన సందులో నిలేశ్ ఆట పేరు చెప్పి, అది ఇందులో ఎక్కించమని మంగేశ్‌ను బతిమాలాడు. మంగేశ్ కంప్యూటర్ వైపొకసారి, నిలేశ్ వైపొకసారి జాలిగా చూశాడు.

"ఎక్కుడైతె ఎక్కుతది భావు. నడుసుడు దేవుని దయ."

కంప్యూటర్ ఊళ్లోకి వచ్చిన రోజు జాతరలాగే గడిచింది. నిలేశ్ తల్లి అనుసూయాబాయి దానికి కుంకుమ పెట్టి, నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. లచ్చవ్వ వచ్చి, ఇంట్లో ఒక టీవీ ఉండగా ఇంకో టీవీ ఎందుకని అడిగి, జవాబు వినకుండా వెళ్లిపోయింది. కీబోర్డ్ అక్షరాల కింద రంగు రంగుల దీపాలు వెలుగుతున్నాయి. నర్సన్న వచ్చి చాలాసేపు చూసి, "దీనికి కూడ నీళ్లు చల్లాల్నా?" అని అడిగాడు. వద్దన్నారు.

సాయంత్రం నిలేశ్ ఆట తెరిచాడు. ముందు తెర నల్లగా ఉండిపోయింది. తర్వాత డబ్బా గింగురుమంది, గుర్రుమంది, రోగం వచ్చిన మోటారులా మూలిగింది. చాలాసేపటికి ఒక మంచుకొండ కనబడింది, దాని కింద కోట, కోట ముందు అడవి. మాహూర్ గుట్ట మీద కూడా అన్ని ఆకులు లేవు. ప్రతి ఆకూ వేరేగా వణుకుతోంది, ప్రతి ఆకుకూ వేరే నీడ ఉంది. వాటి మధ్య ఒక గుర్రం, దాని మీద ఇనుప చొక్కా వేసుకున్న నిలేశ్. కదులు అన్నట్టు మీట నొక్కాడు. గుర్రం ముందు కాలు ఎత్తింది.

ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. నిలేశ్ చేనుకు వెళ్లి, ఎండుతున్న పసుపు కొమ్ములు తిరగేసి, తిరిగొచ్చి చూసినా దించలేదు. ఈలోగా డబ్బా ఎంత కాగిందంటే అనుసూయాబాయి దాని మీద ఒక పాపడం పెట్టి చూసింది. బాగానే పొంగింది.

దూరాన కోట వాకిట్లో, నల్ల గుర్రం మీద, ఎర్ర శాలువా కప్పుకుని ఒకామె ఉంది. ఆమె తల మీద సాయలి అని పేరు కనబడుతోంది. ఆమె చెయ్యి ఊపింది. నిలేశ్ గబగబా అన్ని మీటలూ నొక్కాడు. అతని చెయ్యి కొంచెం లేచి ఆగిపోయింది. నిజానికి ఆమె ఎప్పుడో చెయ్యి ఊపి, విసుగొచ్చి, ఆట మూసేసి, ఇంటికి వెళ్లి భోంచేసింది కూడా. ఆ చెయ్యి ఊపడం ధర్మాబాద్ దాకా వచ్చేసరికి అంత ఆలస్యమైంది. ఈ ఆలస్యాన్నే ఆటలాడేవాళ్లు ల్యాగ్ అంటారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నిలేశ్ ఆమెను చూస్తున్నాడో, ఆమె వెళ్లిపోయాక మిగిలిన బొమ్మను చూస్తున్నాడో అతనికే తెలియలేదు. ఆమెకు మాత్రం అతను రోజూ వచ్చి రాయిలా నిలబడి పోయేవాడిగా కనబడి ఉండాలి.

బేస్తారం పొద్దున మంగేశ్‌కు ఫోన్ చేశాడు. తల్లి పక్కనే మిరపకాయల తొడిమెలు తీస్తూ కూచుని ఉంది. ధర్మాబాద్ మిరపకాయలు. తుమ్మకుండా వాటి పక్కన కూచున్నవాళ్లు ఇంకా పుట్టలేదు. ఆమెకు మంగేశ్ మాటలు వినబడవు, కొడుకు మాటలే వినబడతాయి. అవి కూడా తుమ్ముకూ తుమ్ముకూ మధ్య.

"భావూ, ఏం జెయ్యాలె, ల్యాగ్... అయితుంది. ఆఁ, మస్తు ల్యాగ్... అయితుంది." తుమ్ము. "కార్డా? ఏం కార్డు? ఓహో, కార్డు పెట్టాల్నా." ఇంకో తుమ్ము. "పుణె నుంచి రావాల్నా? ఇక్కడ దొరకయా? ఐతారం లోపల అస్తదా భావూ? జర జల్ది తెప్పియ్యి. ఎంతైనా పర్వాలే."

అనుసూయాబాయి మిరపకాయలు అలాగే వదిలేసి లేచింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, సగం సంతోషంతో, సగం మిరప ఘాటుతో. చేతులు కడుక్కోకుండానే గోడ దగ్గరికి వెళ్లింది.

"లచ్చవ్వా! మా నిలేశ్‌కు లగ్గం అయితుందే! కార్డులు పుణెల కొట్టిస్తుండ్రట!"

లచ్చవ్వకు ఫోన్ లేదు. అవసరం రాలేదు. మధ్యాహ్నానికి ఊరంతా ఆ లగ్గం ముహూర్తం గురించి వాదించుకుంటోంది. సాయంత్రానికి ఆ వార్త ధర్మాబాద్ మిరప మార్కెట్ దాటింది. దారిలో కార్డులతో పాటు పిల్ల కూడా పుణె పిల్లయిపోయింది. అక్కడి నుంచి జీపెక్కి నాయ్‌గావ్ చేరేసరికి ఆ పుణె పిల్లకు ఒక ఫ్లాటు, తండ్రికి ఒక పెట్రోలు బంకు ఏర్పడ్డాయి.

శనారం పొద్దున ఎంకన్న చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"అక్కా, కొంప ముంచితివి గదనే! గోవింద్‌సేట్ ఫోన్ జేసిండు. 'మీ మేనల్లునికి పుణె పిల్లతోని లగ్గం అయితుంటె మా ఇంట్ల పోహెలు ఎందుకు తింటిరి?' అంటడు. రేపు నిజామాబాదోళ్లతోని సాకర్‌పుడా పెట్టుకుంటుండ్రు."

సాకర్‌పుడా అంటే చక్కెర పంచుకుని సంబంధం ఖాయం చేసుకోవడం. చక్కెర నోట్లో పడ్డాక ఆ దిక్కు ఎవరూ మాట మార్చరు.

"ఏ పుణె పిల్ల?" అన్నాడు నిలేశ్.

"నీ పిల్లనేరా!"

"నాకు పుణె పిల్ల ఎక్కడున్నది?"

"మరి లగ్గం అయితుందని ఫోన్ల నువ్వే అంటివి గదరా," అంది అనుసూయాబాయి. "కార్డు పుణె నుంచి రావాలె, ఎంతైనా పర్వాలే అంటివి. కన్నతల్లికి చెప్పకుండ ఫోన్ల వాడెవనికో చెప్తివి. నేనేమన్నన్నా?"

"లగ్గం గాదవ్వా! ల్యాగ్! ల్యాగ్!"

"నేను గూడ అదే అంటున్న. లగ్గం."

నిలేశ్ తల పట్టుకున్నాడు. ఇంతమంది ఇంత గట్టిగా అంటుంటే పుణెలో తనకు పిల్ల ఉందేమోనని అతనికీ ఒక్క క్షణం అనిపించింది. ఎంకన్న మాత్రం అప్పుడే తేరుకున్నాడు.

"ఏం పర్వాలే. పుణె పిల్ల కాలు ఇరిగిందని చెప్తం."

"లేని పిల్లకు కాలెట్ల ఇరుగుతది మామా?"

"గందుకేరా, ఇరిగినా దానికి నొప్పి గాదు."

అప్పటిదాకా గడప మీద కూచుని తమలపాకు నములుతున్న నర్సన్న లేచి కంప్యూటర్ ముందుకు వచ్చాడు. గుర్రం ఇంకా కాలు ఎత్తుకునే ఉంది. డబ్బా మూలుగుతోంది.

"ఏం పంటరా ఇది?" అన్నాడు.

"పంట గాదు బాపూ, ఆట. బరువెక్కువై నడుస్తలేదు."

"అన్ని ఆకులే ఉన్నయి. గింజ ఏది?"

నిలేశ్ తెర మీద ఆకుల వెనక, వాన వెనక, మంచు వెనక, చిటికెడంత కనబడుతున్న ఎర్ర శాలువా మీద వేలు పెట్టాడు. నిన్నటి బొమ్మ అది, ఇంకా అక్కడే నిలిచిపోయింది.

"ఇది."

"మరింకేంది? పొల్లు ఎక్కువైంది. గాలికి పడ్దాం," అన్నాడు నర్సన్న. ఎండ తగ్గాక బల్లను, డబ్బాను వాకిట్లోకి మోయించాడు.

సాయంత్రం క్లాసు అయ్యే వేళకు నర్సన్న కొట్టంలోకి వెళ్లి గాలి పలుపు విప్పాడు. పనిలోకి పిలిచి ఎన్నేళ్లయిందో, అది ముందు నమ్మలేదు. తర్వాత గజ్జెల చప్పుడు విన్న ముసలెద్దులా తల ఊపుకుంటూ వచ్చింది. నర్సన్న నిలేశ్ కాళ్ల వైపు చూశాడు.

"చెప్పులు ఇడువు. కల్లంల చెప్పులుండొద్దు."

నిలేశ్ విడిచాడు. నర్సన్న డబ్బా వెనక చిల్లుల దగ్గర గాలిని నిలబెట్టి, పలుపు వదులు చేసి, నాలుకతో టక్కుమన్నాడు. గాలి లోపలికి దూరింది.

ముందు ఆకులు వచ్చాయి. డబ్బా ముందు చిల్లుల్లోంచి బొక్కెనలు బొక్కెనలుగా ఎగిరి వాకిలంతా పరుచుకున్నాయి. బర్రె మెడ చాచి అందినవి తినేసింది. ఆకుల నీడలు కూడా వచ్చాయి, వాటిని నాకి చూసి వదిలేసింది. తర్వాత వాన. ఆ వెనక మంచు. నడి ఎండాకాలం నాందేడ్ జిల్లాలో మంచు కురుస్తుంటే అనుసూయాబాయి కుండ తెచ్చి నింపుకుంది, పెరుగు పులవకుండా ఉంటుందని. జెండాలు, కోట బురుజుల మీది నగిషీలు, పిట్టలు, ఎవరివో గడ్డాలు, చివరికి నిలేశ్ ఇనుప చొక్కా. అది రేకులా గలగలమంటూ వెళ్లి గోడ అవతల పడింది.

"నర్సన్నా! నా పాపడాల మీద మంచు పడుతుందయ్యా! జర అటు మలుపు!" అని అరిచింది లచ్చవ్వ.

నర్సన్న బల్లను జరంత మలిపాడు.

ఎంకన్న వాకిలి బయట, గాలి తగలనంత దూరంలో నిలబడి ఉన్నాడు. దుమ్ము పడదు కదా.

డబ్బా మూలుగు ఆగిపోయింది. తెర మీద అడవి లేదు, కోట లేదు, కొండ లేదు. కోత అయిపోయిన నల్లరేగడి చేనులా బోడి నేల, దాని మీద ఒక వాగు, రెండు గుర్రాలు, ఇద్దరు మనుషులు. గుర్రం ఎత్తిన కాలు దించింది.

నిలేశ్ చెవుల్లో ఫోన్ వైర్లు పెట్టుకున్నాడు. ముందు ఏం చేయాలో తోచలేదు. ఇన్ని రోజులు ఒక కాలు ఎత్తుకుని నిలబడిన జీవానికి దాహం వేస్తుంది కదా అనుకుని, గుర్రాన్ని వాగు దగ్గరికి నడిపించి నీళ్లకు వదిలాడు. అది తాగుతుంటే దిగి పక్కన నిలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది, వచ్చింది గుర్రం కోసం కాదని.

సాయలి అదంతా చూస్తూనే ఉంది.

"నడుస్తుండ్రా ఇయ్యాల?" అంది చివరికి. గొంతులో కోపం ఉంది. "ఇన్ని రోజులు రాయి లెక్క నిలవడ్డరు. చెయ్యి ఊపితె గూడ ఊపలే."

"ఊపిన. అది ఇంక మీకు అందలేదేమో."

"కోట ఎటు పోయింది?"

"మా వాకిట్ల ఉంది. మా అవ్వ ఊడుస్తుంది."

"సరే," అంది ఆమె. "ఇటు గూడ గాలి అస్తుంది. పిల్లల పరీక్ష కాయితాలు అన్ని ఎగురుతున్నయి." ఆమె ఆగింది. "చెప్పుండ్రి, ఏం చెప్పనీకి అచ్చిండ్రు? పుణె సంగతా?"

వాకిలి బయటి నుంచి ఎంకన్న సైగలు మొదలుపెట్టాడు. గాల్లో వేళ్లతో టకటక టైపు కొట్టి చూపించాడు. ఆఫీసు సంగతి ఎత్తమని.

"నేను నాందేడ్ల ఆఫీసుల..." అన్నాడు నిలేశ్.

"వినిపిస్తలేదు."

"నాందేడ్ల కంపెనీల నాకు..."

"ఏం వినిపిస్తలేదు."

నిలేశ్ వైరు ఊడదీసి మళ్లీ పెట్టాడు. "ఈ ఆట నేను మస్తు రోజుల సంది..."

"మీ నోట్లకెల్లి ఉత్త గాలే అస్తుంది," అంది సాయలి.

నిలేశ్ అయోమయంగా తండ్రి వైపు చూశాడు. నర్సన్న పలుపు పట్టుకుని, కల్లంలో రాశి వైపు చూసినట్టే చూస్తున్నాడు. గాలికి పట్టేటప్పుడు ఆయన మాట్లాడడు. నిలేశ్ కీబోర్డ్ వైపు చూసుకున్నాడు. అక్షరాల మీద పచ్చటి మరకలు.

"అరే, ఇదంతా పచ్చగైంది," అన్నాడు తనలో తాను. "పసుపు తిరగేసి గట్లనే కూసున్న, చేతులు సక్కగ కడగలే."

"గిది వినిపించింది," అంది సాయలి. "ఏం పసుపు?"

"మా చేను పసుపు." ఆ మాట డబ్బాలోకి బరువుగా, గింజ రాలినట్టు రాలింది. "నాకు నౌకరీ లేదు. నాందేడ్‌కు పసుపు అమ్మనీకే పోత. ఈ ఆట పేరు మీరు చెప్పేదాక నేను వినలే. మీరు రమ్మన్నరని ఈ డబ్బ కొన్న. అది గూడ తప్పు డబ్బ."

అవన్నీ వినబడ్డాయి. ఒక్క అక్షరం పోలేదు. ఎంకన్న తల కొట్టుకుంటూ అరుగు మీద కూలబడ్డాడు.

"మరి పుణె పిల్ల?"

"పిల్ల లేదు. కార్డు. ఆట నడవనీకి డబ్బల పెట్టే కార్డు, పుణె నుంచి రావాలె. ల్యాగ్ అయితుందని నేను ఫోన్ల అంటుంటె మా అవ్వకు తుమ్ముల మధ్యల లగ్గం అయితుందని వినవడ్డది. ఊరంత చెప్పింది."

అటు నుంచి ఏమీ రాలేదు. పోయిందేమో, ఇది కూడా గాలి ఎత్తుకుపోయిందేమో అని నిలేశ్ వైర్లను చెవుల్లోకి ఇంకా నొక్కుకున్నాడు. తర్వాత నవ్వు వచ్చింది. ఆగకుండా, దగ్గు కలిసి, మళ్లీ మొదలై. గాలి దాన్ని ముట్టుకోలేదు.

నవ్వు అయిపోయాక సాయలి గొంతు సవరించుకుంది. "నవ్వచ్చింది గని, ఇప్పుడు ఏం లాభం? రేపే సాకర్‌పుడా. మా బాపు మాట ఇచ్చిండు. నాకు గూడ ఆ నిజామాబాద్ సంబంధం..."

మిగతాది రాలేదు.

"వినిపిస్తలేదు," అన్నాడు నిలేశ్.

ఆమె మళ్లీ అంది. పరీక్ష కాగితాలు రెపరెపలాడిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏమన్నరు? జర గట్టిగ చెప్పుండ్రి." నిజంగానే వినబడక అడిగాడు, తెలివితో అడగలేదు. ఆ తెలివి అతనికి లేదని ఊరంతా సాక్ష్యం చెబుతుంది.

ఆమె మూడోసారి గట్టిగానే చెప్పినట్టుంది, ఎందుకంటే ఆమె గుర్రం చెవులు కదిలాయి. తర్వాత ఆమె కూడా తన గుర్రాన్ని వాగు దగ్గరికి తెచ్చి వదిలింది. రెండు గుర్రాలూ ఒకే వాగులో నీళ్లు తాగుతున్నాయి.

"నేనన్నది నాకే వినిపిస్తలేదు," అంది సాయలి మెల్లగా. ఆ మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. ఆ తర్వాత తెర ఆరిపోయింది.

నర్సన్న పలుపు లాగాడు. పలుపు తేలిగ్గా, ఉత్తగా వచ్చేసింది. దాని కొసన గాలి లేదు. డబ్బాలో ఈ పక్క నుంచి దూరింది ఆ పక్క నుంచి నాయ్‌గావ్‌కు వెళ్లిపోయింది.

"పాయె," అంది అనుసూయాబాయి. "ఉన్న గాలి గూడ పాయె."

"పని మధ్యల ఉంది," అన్నాడు నర్సన్న. పలుపు చుట్ట చుట్టి కొట్టంలో గుంజకు తగిలించాడు.

ఆదివారం నాయ్‌గావ్‌లో ఏం జరిగిందో చూసినట్టే చెబుతుంది లచ్చవ్వ. ఆమె అక్కడ లేదు. అయినా నిజామాబాద్ నుంచి వచ్చిన వాళ్లు ఏ రంగు టోపీలు పెట్టుకున్నారో కూడా ఆమెకు తెలుసు. చక్కెర పళ్లేలు వరసగా పెట్టారు. పెండ్లికొడుకు మామ లేచి, అబ్బాయికి హైదరాబాద్‌లో ఎంత పెద్ద నౌకరీయో చెప్పబోయాడు. నోరు ఆడింది, మాట రాలేదు. నీళ్లిచ్చారు. తాగి మళ్లీ మొదలుపెట్టాడు. పరదాలు ఊగాయి తప్ప ఏమీ వినబడలేదు. గోవింద్‌సేట్ మర్యాదగా తలూపుతూనే ఉన్నాడు. చివరికి బిడ్డ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు బిడ్డా. ఖాయమేనా?"

సాయలి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె కొంగు దానంతటదే కొద్దిగా కదులుతోంది. ఆ ఇంట్లో ఫ్యాన్ తిరగడం లేదని, కరెంటు లేదని లచ్చవ్వ ప్రత్యేకంగా చెబుతుంది.

"నేను గా పసుపు చేనాయన్ను చేసుకుంట బాపూ," అంది సాయలి.

ఎంత మెల్లగా అందంటే పక్కనున్న మేనత్తకే వినబడకూడదు. కాని వీధి చివర పాన్‌డబ్బా దాకా వినబడింది.

కార్డులు ధర్మాబాద్‌లోనే కొట్టించారు. పెండ్లి పందిట్లో ఎంకన్న నాలుగు మాటలు మాట్లాడదామని లేచి, చాలాసేపు చేతులు ఊపి, కూచున్నాడు. ఆయన అంత బాగా మాట్లాడటం ఎన్నడూ వినలేదని అందరూ అన్నారు. అక్షింతలు పడుతుండగా అనుసూయాబాయి చేతిలో ఉన్న నిలేశ్ ఫోన్ మోగింది. మంగేశ్.

"కార్డు అచ్చింది, పుణె నుంచి," అన్నాడు.

"ఇప్పుడెందుకయ్యా," అంది అనుసూయాబాయి, "లగ్గం అయిపోవట్టె!"

"ల్యాగ్ పోయిందా?" అన్నాడు మంగేశ్ ఆశ్చర్యంగా. "ఎట్ల పోయింది?"

ఇద్దరిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఇద్దరూ సంతోషంగానే ఫోన్ పెట్టేశారు.

కోడలు ఇంట్లో అడుగుపెట్టిన మర్నాడు పొద్దున్నే నర్సన్న లేచి బర్రెకు గడ్డి వేశాడు. అలవాటు కొద్దీ చెంబుతో నీళ్లు తీసుకుని కొట్టంలోకి వెళ్లి, గాలి లేదు కదా అని గుర్తొచ్చి ఆగాడు. గుంజ దగ్గర నేల తడిగా ఉంది. పలుపు బిగువుగా ఉంది. దాని కొసన, ఎవరో అప్పుడే నీళ్లు చల్లి వెళ్లిన గాలి చల్లగా పడుకుని నెమరేస్తోంది.

నర్సన్న ఆ చెంబెడు నీళ్లూ తానే తాగి, చాయ్‌కి వెళ్లాడు.